సీసాలో బుడగలు ఆగనప్పుడు

ఊపిరితిత్తికి చిల్లుపడి ఛాతీలో గాలి చేరితే పక్కటెముకల మధ్య నుంచి పైపు వేసి, దాని కొసను సీసాలోని నీళ్లలో ముంచి ఉంచుతారు. రోగి దగ్గినప్పుడల్లా బుడగలు లేస్తాయి. అయిదారు రోజులైనా అవి ఆగకపోతే ఆపరేషన్ మాట వస్తుంది. ఆ మాటకు ముందు మంచం దగ్గరే చేయదగ్గ పని ఒకటుంది. మన ప్రాంతంలో దాన్ని విరివిగా వాడాలని నా వాదన. కొండపల్లికి దగ్గర్లోని పరిటాల, దొనబండ క్వారీల్లో రాతి దుమ్ము పీలుస్తూ బతికేవాళ్లున్నారు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తిని గట్టిపరుస్తుంది, క్షయకూ దారి తీస్తుంది. మన దేశంలో ఇలాంటి చిల్లులకు క్షయ పెద్ద కారణం. అలా దెబ్బతిన్న ఊపిరితిత్తి దానంతటది పూడటం కష్టం, ఆ మనిషి మత్తుకూ కోతకూ తట్టుకోవడమూ కష్టమే.

ఆ పని ఇది. రోగి చేతి నరం నుంచి 50 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తం తీసి, గడ్డకట్టకముందే ఆ పైపులోంచే ఛాతీలోకి పంపుతారు. వెనకే కాస్త సెలైన్ పోసి పైపు పూడుకోకుండా చూస్తారు. పైపుకు క్లిప్పు బిగించకూడదు. గాలి లోపలే చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకే పైపును స్టాండు మీదుగా ఎత్తి కడతారు, గాలి పోతుంది గానీ రక్తం వెనక్కి రాదు, లోపలే గడ్డకట్టి చిల్లును పూడుస్తుంది. కొండపల్లి బొమ్మల పనివాళ్లు తెల్లపొణికి ముక్కల అతుకుల్లో చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెడతారు. ముక్కలు ఒకదానికొకటి ఆనితేనే అది పట్టుకుంటుంది. ఇక్కడా అంతే. ఊపిరితిత్తి విచ్చుకుని ఛాతీ గోడకు ఆనితే రక్తం బాగా పనిచేస్తుంది, మధ్య ఖాళీ పెద్దదైతే ఆశ తక్కువ.

దీనికి రుజువులు చిన్న అధ్యయనాలేనన్న అభ్యంతరం నిజమే. అయినా ఆపరేషన్‌కు తగని రోగులకు సొంత రక్తం గానీ, బ్రాంకోస్కోపీ పద్ధతులు గానీ పరిశీలించవచ్చని బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తంలో క్రిములు పెరగవా అంటే, పెరగగలవు; కాబట్టి శుభ్రత తప్పనిసరి, చీము ఉన్నచోట ఈ పని చేయకూడదు. కానీ ఊరికే కాచుకుని కూర్చున్నా క్షేమం కాదు, పైపు ఒంట్లో ఉన్న ప్రతిరోజూ క్రిములకు దారే. మళ్లీమళ్లీ గాలి చేరుతున్న ఆరోగ్యవంతుడైన కుర్రాడికి మాత్రం ఆపరేషనే మేలు. బ్రాంకోస్కోప్‌తో బెలూన్ ఊది, శ్వాసనాళపు ఏ శాఖను మూస్తే బుడగలు ఆగుతాయో వెతికి అక్కడ పెట్టే కవాటాలూ ఉన్నాయి, అయితే ఖర్చెక్కువ, చేయి తిరిగిన నిపుణుడు కావాలి. రక్తానికి సిరంజి చాలు. అది ఫలించక, ఆపరేషన్‌కు ఒంట్లో సత్తువా లేకపోతే, గాలిని బయటికే వదిలే హీమ్లిక్ కవాటం పైపుకు తగిలించి, ఓపీలో చూస్తూ ఇంటికి పంపవచ్చు.