షీటుకు పేరు పెట్టడమూ పనితనమే

మాడ్యులర్ కిచెన్లు చేసే వర్క్‌షాపులో పనితనం ఎవరిదంటే చాలామంది కట్టింగ్ మెషీన్ దగ్గరున్న మేస్త్రీని చూపిస్తారు. ఆ మెషీన్‌కు లిస్టు పంపే సాఫ్ట్‌వేర్‌లో మెటీరియల్ పేర్లు రాసినవాణ్ణి కూడా నేను ఆయన పక్కనే నిలబెడతాను. ఈ పనిలో ఉండగా నాలో స్థిరపడిన నమ్మకం ఇది.

సాఫ్ట్‌వేర్‌కు ప్లైవుడ్ తెలియదు, పేరొక్కటే తెలుసు. ఒక డిజైనర్ ‘ప్లై 18 వైట్’ అనీ, మరొకరు ‘18 వైట్ ప్లై’ అనీ రాస్తే దాని లెక్కలో అవి రెండు వేర్వేరు సరుకులు. ఒకే 8x4 షీటులో సర్దుకోవాల్సిన ముక్కలు రెండు షీట్ల మీదికి పోతాయి. మిగులు ముక్కలు పెరుగుతాయి, స్టాకు లెక్కా తప్పుతుంది.

మందం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. 600 మిల్లీమీటర్ల బాక్సుకు రెండు పక్కలూ 18 మందమైతే, వాటి మధ్య అడుగు పలక 564 ఉండాలి. అదే ప్లైకి రెండు వైపులా 1 మిల్లీమీటరు లామినేట్ వేస్తే మందం 20 అవుతుంది, అడుగు పలక 560కి తగ్గుతుంది. పేరులోని 18 ఉత్త ప్లై మందమో, లామినేట్‌తో కలిపిన మందమో తేలకపోతే ఆ 4 మిల్లీమీటర్ల తేడా బిగించేటప్పుడు బయటపడుతుంది. అందుకే పేరులో కొన్న ప్లై మందం రాసి, లామినేట్ వేశాక కొలిచిన మందాన్ని దానికున్న గడిలో విడిగా నింపాలంటాను.

గ్రేడు కూడా పేరులోనే ఉండాలి. సింకు కింద వాడాల్సింది ఐఎస్ 710 మెరైన్ ప్లై. ఐఎస్ 303 మామూలు వాడకానికి. రెండూ 18 మందమే కాబట్టి ‘ప్లై 18’ అని ఊరుకుంటే ఏది కోయాలో మేస్త్రీకి ఎలా తెలుస్తుంది?

చిన్న సంగతులు ఇంకో రెండు. వెనక పలకకు వాడే 6ను 06 అని రాయాలి. లేకపోతే అక్షర క్రమంలో 12, 18 ముందుకొచ్చి 6 వాటి కిందికి పోతుంది. ముప్పావు ఇంచీ అని 3/4 రాయకూడదు. ఆ పేరే ఫైలు పేరైతే, మధ్యలోని ఏటవాలు గీతను విండోస్ ఒప్పుకోదు.

ఇక పేరులోకి రానివ్వకూడనివి ధర, కస్టమరు పేరు, సప్లయరు పేరు. ధర మారుతుంది, కస్టమరు పని ముగుస్తుంది, సప్లయరునూ మనమే మారుస్తాం. వాటికి వేరే గడులున్నాయి. షీటు రకం, మందం, గ్రేడు, పైపూత, ఈ వరసలో ‘ప్లై-18-710-వైట్’ అని రాస్తే చాలు. చెక్క గీతలున్న లామినేట్ అయితే గీత దిశను మెటీరియల్ సెట్టింగులో తప్పక పెట్టాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ ముక్కను అడ్డం తిప్పి సర్దేయవచ్చు.

వర్క్‌షాపు నడిపే మిత్రులకు ఒక మనవి. పేర్ల పట్టికను ఆఫీసులో కూర్చుని ఖాయం చేయకండి. మేస్త్రీతో, స్టోరు చూసే మనిషితో పైకి చదివించండి. వాళ్లు తడుముకున్న పేరును మార్చండి. ఆ తర్వాత కొత్త పేరు చేర్చే అధికారం ఒక్కరికే ఇవ్వండి.