దివిసీమకు వినిపించిన సినిమా

సంక్షిప్త శబ్దచిత్రం అంటే రెండున్నర, మూడు గంటల సినిమాను గంటలోకి కుదించి రేడియోలో వినిపించడం. బొమ్మ ఉండదు. మాటలు, పాటలు, నేపథ్య సంగీతం, తెగిన చోట కథను అతికే వ్యాఖ్యాత గొంతు, అంతే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక నాటకమో శబ్దచిత్రమో వినడం కృష్ణా జిల్లా ఇళ్లలో ఒక అలవాటుగా స్థిరపడింది. దివిసీమ చివర కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి లాంటి చోట పాత సినిమాల మీద మిగిలిన మమకారంలో సగం ఈ కార్యక్రమం పెట్టిన భిక్షే.

దానికి మొదటి కారణం ఊరున్న తావు. సినిమా హాలు కావాలంటే కోడూరు మీదుగా అవనిగడ్డ దాకా పోవాలి. టూరింగ్ టాకీసు డేరా దగ్గర్లోకి వచ్చినా, ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా విరామం. వానలు పట్టాయంటే డేరా ఎత్తేయడమే. రేడియోకు ఆ ఇబ్బంది లేదు. మీడియం వేవ్ తరంగం నేలను పట్టుకుని నడుస్తుంది. తడినేల, ఉప్పునేల దానికి రాచబాట. విజయవాడ నుంచి సముద్రం దాకా చదును నేలే. వరికి పనికిరాని చౌడు కూడా 837 కిలోహెర్ట్జ్‌కు బాగా పనికొచ్చిందన్నమాట.

వినడానికీ కొంత పనితనం కావాలి. వాల్వు రేడియో రోజుల్లో ఇంటి మీద రెండు వెదురుబొంగులు పాతి, మధ్య ఏరియల్ తీగ లాగి, ఇంకో తీగను తడిమట్టిలోకి దించేవారు. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టి పుస్తకం మీద స్టాంపు వేయించుకోవాలి. సొంత పెట్టె లేనివాళ్లకు పంచాయతీ రేడియో ఉండేది. ట్రాన్సిస్టరు వచ్చాక బరువు తగ్గింది గాని సముద్రపు గాలి ఊరుకోలేదు. సెల్లులు పట్టి ఉంచే స్ప్రింగులు తుప్పెక్కేవి. గరుకు కాగితంతో రుద్దితే తప్ప గొంతు పెగిలేది కాదు. నీరసించిన సెల్లులను పొద్దున్నే అరుగు మీద ఎండబెడితే ఇంకో గంట పలికేవి. ఆ గంట శబ్దచిత్రానికి సరిగ్గా సరిపోయేది. మధ్యలో రేడియో మూగబోతే కథ ముగింపు పక్కింటివాళ్లని అడిగి తెలుసుకోవాల్సిందే.

స్టూడియోలో చేసే పని ఇంకా సున్నితం. సినిమా ఫిల్ము అంచున ఉండే శబ్దాన్ని స్పూలు టేపు మీదికి ఎక్కించి, బ్లేడుతో కోసి, అంటించి గంటకు తేవాలి. పోరాటాలు, వెంటపడటాలు, మాటల్లేని చూపులు ముందే పోతాయి. మిగిలినదాంట్లో ఏ మాట తీస్తే కథ కుంటుతుందో తెలిసినవాడే నేర్పరి. ‘గుండమ్మ కథ’ (1962) లాంటి సినిమా ఈ కత్తెరకు సులువుగా లొంగుతుంది. సూర్యకాంతం గొంతు వినిపిస్తే మనిషి ఎదుట నిలబడ్డట్టే, బొమ్మతో పనేముంది? ‘మాయాబజార్’ (1957) దగ్గరికి వచ్చేసరికి చిక్కు. వంటకాలు వాటంతట అవే కదిలి వెళ్లడం చెవికెలా తెలుస్తుంది? అక్కడ ఘటోత్కచుడు రెండు గొంతుల మీద బతకాలి: మాటకు ఎస్వీ రంగారావు, పాటకు మాధవపెద్ది సత్యం. వంటకాల సైజు విన్నవాళ్ల ఆకలిని బట్టి ఉండేది. తర్వాత తెర మీద చూసినప్పుడు, విన్నప్పుడు ఊహించుకున్నంత లేవని పెదవి విరిచినవాళ్లూ ఉండే ఉంటారు.

అమెరికాలోనూ ఇలాంటిదే ఒకటి నడిచింది. 1934 నుంచి 1955 దాకా సాగిన ‘లక్స్ రేడియో థియేటర్’ హాలీవుడ్ సినిమాలను గంట నాటకాలుగా వినిపించింది. 1936లో అది న్యూయార్కు నుంచి హాలీవుడ్‌కు మారింది. అప్పటి నుంచి 1945 దాకా దర్శకుడు సెసిల్ బి. డెమిల్ దానికి వ్యాఖ్యాత. తేడా ఒకటుంది. అక్కడ తారలే మైకు ముందుకొచ్చి, ఎదుట ప్రేక్షకులుండగా, కథను మళ్లీ నటించేవారు. వెనక సబ్బు కంపెనీ డబ్బు ఉంది. ఇక్కడ ఉన్నది ప్రభుత్వ రేడియో, ఒక బ్లేడు. అయినా అసలు సినిమా గొంతులు అలాగే వినిపించాయన్న లెక్కలో మన శబ్దచిత్రమే నయమనిపిస్తుంది.

పైగా ఆ గొంతులు ఈ ప్రాంతానికి పరాయివి కావు. తెలుగు సినిమాకు ఆద్యుడనిపించుకున్న రఘుపతి వెంకయ్య బందరువాడు. ఘంటసాల పుట్టింది గుడివాడ దగ్గరి చౌటపల్లిలో, ఎన్టీ రామారావుది నిమ్మకూరు, అక్కినేనిది రామాపురం. దివిసీమలోని పెదకళ్ళేపల్లివాడైన వేటూరి సుందరరామ్మూర్తి అయితే రేడియో మీదుగానే సినిమాకు నడిచాడు. విజయవాడ కేంద్రం కోసం ఆయన రాసిన సంగీత నాటిక ‘సిరికాకొలను చిన్నది’. కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం దాని కథాస్థలం. ఆ తర్వాతే సినిమా పాటలు.

పాటల సంగతికి వస్తే, 1952 తర్వాత కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటను దూరం పెట్టింది. శ్రోతలు ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. షార్ట్‌వేవ్ అలలా వచ్చి అలలా పోతున్నా, మీనాక్షి పొన్నుదురై తెలుగు ప్రకటనల కోసం చెవులు రిక్కించారు. 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలయ్యాక ఆకాశవాణి దారికొచ్చింది.

1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ ప్రారంభమైంది. నెల తిరక్కుండానే, నవంబర్ 19న, ఉప్పెన దివిసీమను ముంచింది. సుమారు 10 వేల మంది పోయారు. రేడియోలో తుపాను కబురు విన్నవాళ్లూ గాలివానకే సిద్ధపడ్డారు గాని సముద్రం లేచి ఊళ్ల మీద పడుతుందని అనుకోలేదు. ఇళ్లతో పాటు రేడియోలూ కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఈ తీరంలో ట్రాన్సిస్టరు కొనడానికి మొదటి కారణం సినిమా కాదు, వాతావరణ హెచ్చరిక. పాత కాలపు రేడియోను తలుచుకునేవాళ్లు ఈ సంగతి తరచూ వదిలేస్తారు.

టీవీ ఊళ్లలోకి వచ్చి వారానికొక సినిమా బొమ్మతో సహా చూపించడం మొదలయ్యాక శబ్దచిత్రానికి పని తగ్గింది. రేడియో లైసెన్సు పుస్తకాలూ 1980ల్లోనే చెల్లిపోయాయి. కోసి అతికిన టేపుల్లో చాలా వాటి మీద వేరే కార్యక్రమాలు రికార్డు చేశారు. టేపుకు కరువున్న రోజుల్లో రేడియో కేంద్రాలకు అది మామూలే. సినిమాలైతే ఇప్పుడు ఫోనులోనే పూర్తిగా దొరుకుతాయి. ఫలానా సినిమాను గంటకు ఎవరు తగ్గించారో, ఏ మాట ఉంచి ఏ మాట కోశారో చెప్పే టేపు మాత్రం దొరకదు.