తొమ్మిదో రైలు

ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. 1988 నాటి బీబీసీ కార్యక్రమం ‘దట్స్ లైఫ్’. ముందు వరసలో కళ్ళజోడు పెట్టుకున్న ఓ పెద్దాయన. ఈయన వల్ల బతికినవాళ్ళు ఎవరైనా ఉంటే లేచి నిలబడండి అంటుంది యాంకర్. చుట్టూ ఉన్నవాళ్ళు లేస్తారు. ఆయన వెనక్కి తిరిగి చూస్తాడు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతిసారీ చూశాను, ఏడ్చాను, ఇంకో నలుగురికి పంపాను. ‘వన్ లైఫ్’ (2023) సినిమా పెట్టుకున్నది కూడా ఆ ఒక్క సీను కోసమే.

ఆ పెద్దాయన నికోలస్ వింటన్. 1938 చివర్లో ప్రాగ్ వెళ్ళేనాటికి ఆయనకి 29 ఏళ్ళు, లండన్‌లో స్టాక్ బ్రోకర్. అక్కడ ఉన్నది మూడు వారాలే. 1939 మార్చి నుంచి ఆగస్టు దాకా ఎనిమిది విడతల్లో 669 మంది పిల్లలు ఇంగ్లండ్ చేరారు. వాళ్ళలో ఎక్కువమంది యూదులు.

దర్శకుడు జేమ్స్ హాస్ ఈ కథని తుపాకుల మధ్య కాక ఫైళ్ళ మధ్య నడపడం నాకు బాగా నచ్చింది. ఒక్కో బిడ్డకీ ఒక ఫోటో, ఒక వీసా, పెంచుకునే ఇల్లు, 50 పౌండ్ల పూచీకత్తు. వింటన్ తల్లిగా హెలెనా బోన్‌హామ్ కార్టర్ ఇమిగ్రేషన్ అధికారిని వదలకుండా పట్టుకునే సీను ముందు ఏ యుద్ధం సీనూ పనికిరాదు. మంచితనమంటే ఇక్కడ గుమాస్తా పని. విసుగు పుట్టించే పని. ప్రాగ్‌లోనే ఉండి అసలు ప్రమాదాన్ని ఎదుర్కొన్నది డోరీన్ వారినర్, ట్రెవర్ చాడ్విక్ అని వింటనే చెప్పేవాడు. సినిమా వాళ్ళని చూపిస్తుంది గానీ, చప్పట్ల వేళకి మర్చిపోతుంది.

నా పేచీ ఆ చప్పట్లతోనే. ఆ 50 పౌండ్లు అడిగిందెవరు? పిల్లలకి తలుపు తీసి, అమ్మానాన్నల్ని బయటే ఉంచిందెవరు? 2003లో వింటన్‌కి సర్ బిరుదిచ్చిన బ్రిటనే. కొందరినైనా తీసుకోమని ఆయన రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం రాస్తే అమెరికా కుదరదంది. ఒక మనిషి హీరో కావలసి వచ్చిందంటే ఎన్ని ఆఫీసులు తమ పని చెయ్యనట్టు? సినిమా ఈ ప్రశ్న దాకా వచ్చి, మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది.

ఆంథొనీ హాప్కిన్స్ మాత్రం తప్పుకోడు. ఆయన వింటన్ మొహంలో బతికినవాళ్ళ లెక్క కనపడదు, మిగిలిపోయినవాళ్ళ లెక్కే కనపడుతుంది. 1939 సెప్టెంబరు 1న తొమ్మిదో రైలు బయల్దేరాలి. అందులో 250 మంది పిల్లలు. ఆ రోజే జర్మనీ పోలండ్ మీద పడింది, సరిహద్దులు మూసేశారు. రైలు కదల్లేదు. ఆ పిల్లల్లో దాదాపు ఎవరూ మిగల్లేదు.

ఎదురుచూసిన సీను వచ్చింది. మళ్ళీ ఏడ్చాను. కానీ ఈసారి లేచి నిలబడ్డవాళ్ళ మధ్య ఖాళీ కుర్చీలు వెతుక్కున్నాను. ఆ వీడియో రెండు నిమిషాల్లో మనసు తేలిక చేస్తుంది. హాప్కిన్స్ మొహం ఆ తేలికని వెనక్కి లాక్కుంటుంది. సినిమా చూడాల్సింది అందుకే.

మొన్న ఆ వీడియో మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరికీ పంపలేదు.