ఎవరి సమస్య? ఏ కొలత?

కన్యాశుల్కం మీద వ్యాసం అనగానే మన దగ్గర రెండు పేరాలు రెడీగా ఉంటాయి. మొదటిది పోలిక పేరా: వీరేశలింగం సంస్కర్త, గురజాడ కళాకారుడు, ఆయన బోధించారు, ఈయన చూపించారు. రెండోది సమస్య-పరిష్కారం పేరా: ఆ రోజుల్లో ఆడపిల్లల్ని అమ్ముకునేవాళ్ళు, గురజాడ ఆ దురాచారాన్ని ఎండగట్టారు. రెండూ అబద్ధాలు కావు. కాకపోతే నాటకం తెరిచి చూడకుండానే రాసేయొచ్చు. నా పేచీ అక్కడే.

ముందు పోలిక సంగతి. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన మనిషినీ, ఒక నాటకాన్నీ పక్కపక్కన పెట్టి తూస్తే ఏ త్రాసులో తూస్తున్నట్టు? ఒకరి పని, ఇంకొకరి పుస్తకం. ఉమ్మడి కొలత లేని పోలికలో చివరికి మిగిలేది మార్కులే. వీరేశలింగానికి డెబ్భై, గురజాడకి తొంభై. పాఠకుడికి కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు.

అదే కన్యాశుల్కాన్ని కన్యాశుల్కంతోనే పోల్చి చూడండి. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన ఈ నాటకం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి మళ్ళీ వేశారు. రచయిత ఒకరే, కథావస్తువు ఒకటే, మధ్యలో పన్నెండేళ్ళు. ఇక్కడ కొలత దొరికింది కదా. అయినా మొదటి కూర్పు గురించి పది వాక్యాలు, రెండో కూర్పు గురించి పది వాక్యాలు రాసి వదిలేస్తే అది పోలిక కాదు, రెండు సారాంశాలు. ఒక్క అంశం పట్టుకుని రెండు చోట్లా చూడాలి. మధురవాణినే తీసుకోండి. మొదటి కూర్పులో ఆమెకి దక్కిన చోటు తక్కువ. రెండో కూర్పులో కథ తాళంచెవి ఆమె చేతిలో ఉంటుంది. సానుల మొహం చూడనన్న సౌజన్యారావు పంతులు ఇంటికి మగవేషంలో వెళ్ళి, లుబ్ధావధాన్లుని కేసులోంచి బయటపడేసే సంగతి చెప్పేది ఆమే. ఈ తేడా గుర్తించాక అసలు ప్రశ్న వస్తుంది: సంస్కర్త ఎవర్ని వెలివేశాడో ఆమె లేకుండా సంస్కర్త పనే జరగలేదెందుకు? మంచి పోలిక పేరా ఇలాంటి ప్రశ్న దగ్గర ఆగుతుంది, తీర్పు దగ్గర కాదు.

ఇక రెండో పేరా. సమస్యని ఎలా చెప్పాలో గురజాడే మొదటి కూర్పుకి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో చూపించారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో లెక్కకి వచ్చిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళు 1,034 అని చెప్పారు. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళ పిల్లలూ, ఇంకా చిన్నవాళ్ళూ ఉన్నారు. ‘ఆ రోజుల్లో దురాచారాలు ఉండేవి’ అనే మన వాక్యం పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

అయితే నాటకంలోకి వచ్చేసరికి పరిష్కారాలన్నీ తిరకాసే. సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వకుండా ఆపడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి పెళ్ళి చేస్తాడు. సుబ్బి బయటపడింది, సరే. ఆ మాయపెళ్ళికూతురు మాయమయ్యేసరికి లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడింది. ఒకరి పరిష్కారం ఇంకొకరి సమస్య అయింది. బుచ్చమ్మ సంగతి చూడండి. విధవరాలు, గిరీశంతో లేచివచ్చింది. చివరికి ఆమెని పూనా విడోస్ హోమ్‌కి పంపాలని సౌజన్యారావు తేలుస్తాడు. మంచి మనిషి, మంచి ఏర్పాటు. కానీ ఆ నిర్ణయం జరిగే చోట బుచ్చమ్మ గొంతు వినిపించదు. మొదట ఆమెని తండ్రి అమ్మాడు, తర్వాత గిరీశం తీసుకొచ్చాడు, ఇప్పుడు పంతులు పంపుతున్నాడు. మన రెడీమేడ్ పేరాలో ఈ మూడోది ‘పరిష్కారం’ అన్న గడిలో పడిపోతుంది, అంతటితో బుచ్చమ్మ మనకీ కనబడదు.

అందుకే సమస్య-పరిష్కారం పేరా రాసేటప్పుడు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది ఎవరి సమస్య? పరిష్కారం ఎవరు చెప్పారు? దాని ఖర్చు ఎవరి మీద పడింది? మూడో ప్రశ్నకి జవాబు రాయని పేరా సగం పేరానే.

ఇది పాత నాటకంతో పోయే గొడవ కాదు. నిన్నమొన్న వచ్చిన నవల మీద కూడా ‘సమస్యని బాగా చెప్పారు గానీ పరిష్కారం చూపించలేదు’ అని రాస్తూనే ఉన్నాం. ఈ మాట అన్న ప్రతిసారీ రచయితని సౌజన్యారావు పంతులు కుర్చీలో కూర్చోమంటున్నాం. ఆ కుర్చీ ఎదురుగా బుచ్చమ్మకి ఒక పీట వేశారా లేదా అన్నది చూసి చెప్పడమే సమీక్షకుడి పని.