మంగళవారం రాత్రి ఇల్లు చూడండి

హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం వైపు ఇల్లు వెతికేవాళ్లు ఎక్కువగా ఆదివారం పొద్దున వస్తారు. టిఫిన్ కానిచ్చి, పిల్లల్ని బండెక్కించుకుని, టులెట్ బోర్డులు చదువుకుంటూ గల్లీలు తిరుగుతారు. ఓనరు తాళం తీస్తాడు. హాల్లో ఎండ పడుతుంటుంది, బయట రోడ్డు ఖాళీగా ఉంటుంది. అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఈ ప్రాంతం తన గుణాన్ని దాచిపెట్టుకునే పూట ఏదైనా ఉందంటే అదే.

మా చుట్టాల్లో ఎవరైనా ఇటు ఇల్లు చూడబోతే నన్ను తోడు రమ్మంటారు. నా షరతు ఒక్కటే: వారం మధ్యలో, రాత్రి పది దాటాక ఒకసారి రావాలి. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలను ఆనుకుని ఉన్న కాలనీలవాళ్లు ఏళ్లుగా మొత్తుకునేది రాత్రిపూట వచ్చే ఘాటు వాసన గురించే. గాలి మళ్లితే ఒక వీధికి తగిలేది పక్క వీధికి తగలదు. ఇంట్లో ఉబ్బసం ఉన్న బిడ్డ ఉంటే మాడ్యులర్ కిచెన్ సంగతి తర్వాత, కిటికీ తెరిచి పడుకోగలమా అన్నది ముందు. మూసీ పక్కన ఉప్పల్ భగాయత్ వైపైతే పొద్దు గూకే వేళ వెళ్లాలి. రోడ్లు విశాలమే, పిల్లల్ని తిప్పడానికి మినీ శిల్పారామం ఉంది. దోమల సంగతి మాత్రం ఆ వేళకే తెలుస్తుంది.

ఇక వాన. 2020 అక్టోబరులో రామంతాపూర్, హబ్సిగూడ వీధుల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఈ వైపంతా చెరువుల నేల. కాలనీ పేరులో నగర్ ఉంటుంది, పురం ఉంటుంది, అలుగు నీళ్లు ఒకప్పుడు ఎటు పారేవో ఉండదు. దానికి ఓనరును కాదు, ఇస్త్రీబండి ఆయన్ని అడగాలి. అడగడానికి మొహమాటమైతే గేటు దగ్గర నిలబడి చూసినా చాలు: కొత్తగా ఎత్తు పెంచిన గడప, నేలకు బాగా పైకి లేపిన సంపు మూత, సెల్లార్లోంచి మెట్ల మీదికి మార్చిన కరెంటు మీటర్లు. గోడలకు రంగు వేయించినంత తేలిగ్గా వీటిని దాచలేరు. నీళ్లు మునిగేటంత వచ్చే వీధిలోనే ఎండాకాలం ట్యాంకర్ కోసం ఫోన్లు చేయాల్సి రావచ్చు. నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నల్లా నీళ్లు ఉచితమని 2021 నుంచి అమలు చేస్తున్నారు సరే, మే నెలలో బోరు ఎన్ని గంటలు పోస్తుందో వాచ్‌మన్‌కే తెలుసు.

టులెట్ ప్రకటనల్లో మాత్రం మెట్రో తప్ప ఇంకేమీ కనిపించదు. 2017 నవంబరులో నాగోలు లైను మొదలైనప్పటి నుంచి ప్రతి ఇల్లూ స్టేషన్‌కు 'ఐదు నిమిషాలే'. రాయదుర్గం దాకా ఉద్యోగానికి పోయే తండ్రికి అది వరమే, కాదనను. కానీ ఆ ఐదు నిమిషాలు బడికి పోయే పిల్లవి కావు. ఉప్పల్ రింగురోడ్డు మీద మనుషులు దాటడానికి 2023లో స్కైవాక్ కట్టాల్సి వచ్చిందంటేనే అక్కడి సంగతి అర్థం చేసుకోవచ్చు. వరంగల్ రోడ్డు మీద 2018లో మొదలుపెట్టిన ఫ్లైఓవర్ పనులు ఏళ్ల తరబడి సాగాయి. అందుకే అద్దె వెయ్యి ఎక్కువైనా బడీ ఇల్లూ రోడ్డుకు ఒకే వైపున ఉండాలంటాను. పొద్దున ఎనిమిదింటికి ఆ రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడితే ఎవరైనా నాతో ఒప్పుకుంటారు. హబ్సిగూడ, తార్నాక లోపలి వీధులు ఈ లెక్కన నయం. అద్దెలే గుండె గుభేలుమనిపిస్తాయి. నాకు నచ్చేది నాచారం హెచ్‌ఎంటీ నగర్ లాంటి చోటు. ఆర్భాటం లేదు, కూరగాయలకూ కిరాణాకూ నడిచి వెళ్లిరావచ్చు.

ఇవన్నీ చూసుకుని సరేననుకున్నాక ఓనరు వంతు వస్తుంది. ఎంతమంది ఉంటారు, చుట్టాలు ఎక్కువా, నీసు వండుతారా, చివరికి 'మీరేమిట్లు?' మా తమ్ముడి స్నేహితుడొకడు గాలీ వానా బడీ అన్నీ కుదిరిన ఇల్లు ఆ ఒక్క ప్రశ్న దగ్గర పోగొట్టుకున్నాడు. ఓనరు మర్నాడు ఫోన్ చేసి, మా అమ్మాయివాళ్లే దిగుతున్నారండీ అన్నాడు. టులెట్ బోర్డు నెలరోజులైనా దిగలేదు. ఆ స్నేహితుడు అప్పుచేసి ఘట్‌కేసర్ వైపు ఫ్లాటు కొనుక్కున్నాడు. పిల్లలిద్దరూ ఇప్పుడు ఆరున్నరకే బస్సెక్కుతున్నారు.