కంచె కనిపించని జింకలు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ నుంచి జింకల దగ్గరికి రెండు దారులున్నాయి. బ్లూలైన్ ఎక్కి రాయదుర్గంలో దిగి ఆటో మాట్లాడుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. అక్కడ చుక్కల జింకలు. రెడ్‌లైన్ ఎక్కితే పంజాగుట్ట మీదుగా చివరి స్టేషన్ ఎల్బీనగర్. అక్కణ్ణుంచి విజయవాడ రోడ్డు మీద కాస్త ముందుకెళ్తే మహావీర్ హరిణ వనస్థలి. అక్కడ కృష్ణజింకలు. మైత్రీవనం వెనక హాస్టల్లో ఉంటూ వారమంతా కోర్సు, తర్వాత ఉద్యోగం, ఆదివారం కెమెరా. మూడేళ్ళపాటు నా సెలవులన్నీ ఈ రెండు లైన్ల మీదే గడిచాయి.

నాకు పేరు తెచ్చిన ఫొటో వనస్థలిలో తీసింది. పేరంటే మరీ పెద్దదేం కాదు, ఫ్రెండ్స్‌లో, ఆఫీసులో. పంజాగుట్టలో ఒకరోజుకి అద్దెకి తెచ్చుకున్న పెద్ద జూమ్ లెన్స్. పొద్దున ఏడింటి ఎండ. ఎండుగడ్డిలో మగ కృష్ణజింక, మెలితిరిగిన కొమ్ములు, మెడ కొంచెం తిప్పి నావైపే చూపు. వెనకంతా వెన్నలా కరిగిపోయిన పసుపు. నిజానికి ఆ పసుపు వెనక ప్రహరీగోడ ఉంది. గోడవతల అపార్ట్‌మెంటు, దాని మీద నీలం వాటర్ ట్యాంకు. గోడని లెన్స్ కరిగించేసింది. కరగని ట్యాంకుని నేను క్రాప్ చేశాను. ఫొటో చూసి ఆఫీసులో ఒకతను "ఎక్కడ బాస్, ఆఫ్రికానా?" అన్నాడు. ఆ మాటకి నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

ఆ సంతోషం గురించే ఈ వ్యాసం. మన ఊళ్ళో, మెట్రో టికెట్ దూరంలో ఉన్న జంతువుని చూసి ఎవరో ఆఫ్రికా అనుకుంటే నాకెందుకంత గర్వం?

జింక ఫొటో అనేది ఇవాళ ఒక ప్రక్రియ. పద్యానికి గణాలున్నట్టు దీనికీ లక్షణాలున్నాయి. కన్ను పదునుగా ఉండాలి. వెనకంతా మసకబారాలి. ఎండ బంగారంలా పడాలి. జంతువు ఒంటరిగా ఉండాలి. మనిషి జాడ ఉండకూడదు. ఈ చివరిది అలవాటు మాత్రమే కాదు, రాసిపెట్టిన నియమం కూడా. అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్యలు ఉమ్మడిగా ఒప్పుకున్న ప్రకృతి ఫొటోగ్రఫీ నిర్వచనం ప్రకారం, కథకి అవసరమైతే తప్ప మనిషికి సంబంధించినవేవీ ఫ్రేములో కనిపించకూడదు. జూలోనో ఫామ్‌లోనో తీసి అడవి అని చెప్పేవాళ్ళని ఆపడానికి ఇలాంటి కట్టుబాట్లు కావాలి, కాదనను. కానీ మన దగ్గరికొచ్చేసరికి అది వేరే పని చేస్తోంది. చుట్టూ ఊరున్న జింకని ఊరు లేకుండా చూపించమంటోంది. "కథకి అవసరమైతే తప్ప" అన్న మినహాయింపుని ఎవరూ పట్టించుకోవట్లేదు. వనస్థలి జింక కథంటేనే గోడ కదా!

ఈ చూపు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతికితే, వేట దగ్గర తేలుతుంది. అభిజ్ఞాన శాకుంతలం మొదట్లో పరుగెత్తే లేడి మెడ తిప్పి వెనక్కి చూస్తుంది. సాహిత్యంలో అంత అందమైన జింక బొమ్మ మరోటి ఉందో లేదో. అది రథం మీద బాణం ఎక్కుపెట్టిన దుష్యంతుడి కంటికి కనిపించిన బొమ్మ. అమెరికాలో జార్జ్ షైరస్ అనే వేటగాడు రాత్రిపూట పడవ ముందు లాంతరు పెట్టుకుని సరస్సు ఒడ్డునున్న జింకల దగ్గరికి వెళ్ళేవాడు. వెలుగుకి జింక కళ్ళప్పగించి నిలబడిపోతుంది. అప్పటిదాకా తుపాకీ పేలే చోట ఆయన ఫ్లాష్ పేల్చాడు. 1906 జూలై నేషనల్ జియోగ్రాఫిక్ సంచికలో ఆయన ఫొటోలు 74 అచ్చయ్యాయి. అడవి జంతువుల ఫొటోగ్రఫీకి అదొక ఆరంభం. మనమింకా 'షూట్' అనే అంటాం, 'మంచి షాట్ పడింది' అనే అంటాం.

మన హైదరాబాద్‌లో ఈ కథ ఇంకాస్త చిత్రంగా ఉంటుంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ వేట విడిదులని ఫొటోలు తీశాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ ప్రాంతానికి పులివేటకి వచ్చినప్పుడు తీసిన ఫొటోలు ప్రసిద్ధం. వాటిలో జంతువు చచ్చి పడి ఉంటుంది. కానీ ఎవరు చంపారో, ఎక్కడ నిలబడ్డారో, ఎవరు తుపాకీ పట్టుకున్నారో అన్నీ కనిపిస్తాయి. ఆ ఫొటో దేన్నీ దాచుకోదు. హరిణ వనస్థలి కూడా ఒకప్పుడు నిజాముల వేటమైదానమే. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ పేరొచ్చింది. 3,600 ఎకరాల పైచిలుకు. ఇవాళ అక్కడ నాలాంటివాడు తీసే ఫొటోలో జింక బతికే ఉంటుంది, చోటే ఉండదు.

మా పెద్దమ్మగారబ్బాయి డెన్వర్‌లో ఉంటాడు. నా పిచ్చే వాడికీ ఉంది. వయోమింగ్ వెళ్ళి ప్రాంగ్‌హార్న్‌ల ఫొటోలు తీసి పంపుతుంటాడు. చూడ్డానికి మన కృష్ణజింకకి దూరపు చుట్టంలా ఉంటుంది గానీ దాని కుటుంబమే వేరు, అందులో మిగిలింది అదొక్కటే. ఒక పోలిక మాత్రం నిజంగా ఉంది. దాని వేగం ఎప్పుడో అంతరించిన అమెరికా చీతాల నుంచి తప్పించుకోవడానికి వచ్చిందని ఒక వాదం. మన దగ్గరా కృష్ణజింకని తరిమిన చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. ఎనభై ఏళ్ళ క్రితం పోయిన శత్రువు కోసం మనది, వేల ఏళ్ళ క్రితం పోయిన శత్రువు కోసం వాళ్ళది ఇంకా పరుగెడుతున్నాయి. లేడికి లేచిందే పరుగు మరి.

ఒకసారి వాడు పంపిన ఫొటోలో ప్రాంగ్‌హార్న్ ముళ్ళకంచె కిందనుంచి దూరుతోంది. "కంచె పడింది రా, లేకపోతే కాంపిటీషన్‌కి పంపేవాణ్ణి" అన్నాడు. "అదే అసలు ఫొటో అన్నయ్యా" అన్నాను. ప్రాంగ్‌హార్న్ మైదానంలో పుట్టి పెరిగిన జంతువు, దూకడం దానికి అలవాటు లేదు. కంచె వస్తే కిందనుంచి దూరడానికే చూస్తుంది. కింది తీగ మరీ కిందుంటే అక్కడితో దాని వలసదారి ఆగిపోతుంది. అందుకే అక్కడ కొన్నిచోట్ల కింది తీగ ఎత్తు పెంచుతున్నారు. కంచె లేని ప్రాంగ్‌హార్న్ ఫొటో ఎంత బావున్నా, దాని బతుకులో ముఖ్యమైన సంగతి అందులో లేనట్టే.

వాడికి ఈ నీతి చెప్పిన నేను, నా ఫోల్డర్ జోలికి మాత్రం పోలేదు. పోవాల్సిన రోజు 2025 మార్చి నెలాఖరులో వచ్చింది.

కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. రాత్రికి రాత్రి ఫోన్‌ల నిండా జింకలు. అవి ఫొటోలు కావు. అప్పుడే ఊపందుకున్న జిబ్లీ తరహా ఏఐ బొమ్మలు, బుల్డోజర్ల ముందు నిలబడ్డ జింకలు, నెమళ్ళు. అవి నకిలీవని ప్రభుత్వం అంది. అలాంటి బొమ్మ పంచుకున్నందుకు ఒక ఐఏఎస్ అధికారికి కూడా పోలీసు నోటీసు వెళ్ళింది. అసలు అక్కడ జింకలున్నాయా లేవా అన్న దగ్గరికి వచ్చింది వాదన.

నా దగ్గర నిజమైన ఫొటోలున్నాయి. క్యాంపస్‌లో ఎమ్మే చదివే ఫ్రెండ్ పుణ్యమా అని మూడేళ్ళుగా తీసినవి. ఆ రాత్రి హాస్టల్ మంచం మీద కూచుని ఒక్కొక్కటే తెరిచాను. కన్ను పదును, వీపు మీద చుక్కలు, వెనక ఆకుపచ్చ మసక. ఒక్కదాంట్లోనూ నేల లేదు. గుర్తుపట్టగలిగే రాయి లేదు, చెట్టు లేదు, వెనక ఐటీ టవర్ లేదు. అది గచ్చిబౌలో బందీపురో జూపార్కో ఎవరూ చెప్పలేరు. ఏఐ బొమ్మ ఎక్కడిదీ కాదు. నా ఫొటో ఎక్కడిదైనా కావచ్చు. సాక్ష్యం చెప్పాల్సొస్తే రెండూ ఒకటే.

అప్పుడు పనికొచ్చినవి స్టూడెంట్లు ఫోన్లతో తీసిన వణుకుతున్న వీడియోలు. ఫోకస్ లేదు, కంపోజిషన్ లేదు. కానీ చీకటి, మెషీన్ల లైట్లు, వెనక టవర్లు అన్నీ ఉన్నాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశంతో హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా వెళ్ళి చూసొచ్చారు. నెమళ్ళు, జింకలు కనిపించాయని నివేదికలో రాశారు. ఒక మనిషి వెళ్ళి, చూసి, రాసిన మామూలు వాక్యం. చెట్ల నరికివేత ఆగింది. నా 600 మిల్లీమీటర్ల లెన్స్ చెప్పలేని మాట ఆ వాక్యం చెప్పింది.

ఇక్కడ మాయలేడి గుర్తురాక మానదు. ఆ కథలో నాకు నచ్చేది లక్ష్మణుడి అనుమానం. ఇలాంటి జింక ఉండదు, ఇది మారీచుడి మాయ అని చూడగానే అంటాడు. మరీ బావుండటమే అతని అనుమానానికి కారణం. మేత మేసే ప్రతి జింకకీ ఒక చోటుంటుంది, ఒంటి మీద దుమ్ముంటుంది. ఇవి లేకుండా మెరిసే జింకని చూస్తే, అది ఏఐదైనా నాదైనా, ఆ అనుమానం రావాలి.

ఇదంతా పంజాగుట్టలో చాయ్ తాగుతూ కెమెరా పట్టే ఇంకో ఫ్రెండ్‌తో అంటే వాడు ఒప్పుకోలేదు. "అందంగా లేకపోతే ఎవడు చూస్తాడు భయ్? చూడకపోతే ఎవడు కాపాడతాడు? పైగా చోటు చెప్తే వేటగాళ్ళకి దారి చూపినట్టు కాదా?" రెండూ తీసిపారేసే మాటలు కావు. తెలంగాణకి రాష్ట్ర జంతువు జింక. పిల్లలు దాన్ని మొదట ప్రేమించేది అందం వల్లే. జీపీఎస్ వివరాలు దాచడం కూడా అవసరమే. కానీ అడ్రస్ దాచడం వేరు, చోటునే లేకుండా చేయడం వేరు. అందం దగ్గరి ఫొటోలో మాత్రమే ఉంటుందని ఎవరన్నారు? మద్రాసులో ఉండి దాదాపు జీవితమంతా నలుపు తెలుపుల్లో తీసిన ఎం. కృష్ణన్ ఫొటోలు చూడండి. జంతువుతో పాటు గడ్డి, రాయి, వెలుగు పడే తీరు అన్నీ కనిపిస్తాయి. జంతువు ఒక చోట బతుకుతోందని తెలుస్తుంది. ఆయన గొప్ప వ్యాసకర్త కూడా కావడం యాదృచ్ఛికం అనుకోను. చోటు గురించి రాయాల్సినవాడు చోటుని క్రాప్ చేయలేడు.

మొన్న ఆ పాత కృష్ణజింక ఫొటో అసలు ఫైల్ తీశాను. క్రాప్ చేయకముందుది. గోడ ఉంది, మసగ్గానే అయినా గోడే అని తెలుస్తోంది. నీలం ట్యాంకు ఉంది. ఎడమవైపు అంచున ఇంకోటుంది. ఇన్నాళ్ళూ గమనించనేలేదు. గోడవారగా ఒక ఆడజింక తలవంచి మేస్తోంది. ట్యాంకుతో పాటు దాన్నీ కోసేశానన్నమాట.

ఏమీ కోయకుండా స్టేటస్‌లో పెట్టాను. ఎవరూ ఆఫ్రికా అనలేదు. పెద్దగా ఎవరూ ఏమీ అనలేదు. రాత్రి పదిన్నరకి ఆఫీసులో వేరే టీమ్‌లో ఉండే ఒకావిడ మెసేజ్ పెట్టింది. "ఆ బ్లూ ట్యాంక్ మా అపార్ట్‌మెంట్‌దే అండి! గోడకి ఇంత దగ్గరగా వస్తాయా ఇవి? ఏ టైమ్‌లో?"

పొద్దున ఏడింటికి అని చెప్పాను.