అబలాసచ్చరిత్రరత్నమాల: ఒక విమర్శనము

పెనుగంచిప్రోలు నందిగామకు సమీపమున, మున్నేటి యొడ్డున నున్న గ్రామము. ఆ యూరి పేరు చెప్పగానే మన గృహిణులకు తిరుపతమ్మ జ్ఞప్తికి వచ్చును. చదువరులకు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు జ్ఞప్తికి వత్తురు. ఆయన యక్కగారగు భండారు అచ్చమాంబగారిని తలచువారు తక్కువ. ఆమె 1874లో జన్మించినది ఆ గ్రామముననే. 1901లో ప్రకటితమైన ఆమె గ్రంథమును మేము మరల చదివితిమి. దీనిని పొగడుట సులభము. పొగడినవారును పెక్కండ్రు గలరు. మేము వెదకినది యొక్కటే విషయము. తల్లులు ఒకరి కొకరు అండగా నిలిచి కుటుంబములను కాపాడుకొనుట దీనిలో ఎంతవరకు కనబడును?

గ్రంథకర్త్రి యుద్దేశము స్పష్టముగానే యున్నది. స్త్రీలు బలహీనులు, అవివేకులు అని నిందించువారికి చరిత్రతో బదులు చెప్పవలెనని ఆమె పూనిక. మొదటి భాగమున మన దేశచరిత్రలోని స్త్రీలను, రెండవ భాగమున వైదిక పౌరాణిక కాలముల స్త్రీలను, మూడవ భాగమున విదేశ స్త్రీలను చూపవలెనని సంకల్పించి, పని ముగియకమునుపే 1905లో, ముప్పది యేండ్ల ప్రాయమున గతించినది. ఒంటిచేత ఇంత సామగ్రిని కూర్చుట సామాన్యమైన శ్రమ కాదు. బడికి పోయి చదివినది కాదు. తమ్ముడు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి తెలుగును, హిందీని, మరాఠీని నేర్చిన యిల్లాలు ఆమె.

ఐనను మా కొక కొరత తోచినది. ఇందలి స్త్రీలు న్యాయస్థానమునకు వచ్చిన సాక్షులవలె నొక్కొక్కరే వచ్చి, తమ గొప్పతనమును నిరూపించి, వెడలిపోదురు. ఒకరి మొగ మొకరు చూడరు. నింద వేసినవాడు పురుషుడు. కావున అతడు ఒప్పుకొను కొలతలతోనే, అనగా శౌర్యము, పాండిత్యము, రాజ్యభారము, పాతివ్రత్యము అను వానితోనే స్త్రీని కొలువవలసి వచ్చినది. భర్తను కోల్పోయి చంటిబిడ్డలతో మిగిలిన నందిగామ సీమ తల్లి యొకతె దీనిని చదివెననుకొందము. ఆమెకు ధైర్యము కలుగును. రేపటి పూట ఎవరి తలుపు తట్టవలెనో మాత్రము తెలియదు.

ఆ తల్లి కల్పితురాలు కాదు. అచ్చమాంబగారి తల్లి గంగమ్మగారు అట్టి స్థితినే అనుభవించినది. భర్త పోవునప్పటికి బిడ్డ లిద్దరును పసివారు. పెంపకము తల్లిమీద పడినది. తరువాత కుమార్తె నాగపురమున కాపురముండగా, తమ్ముని చదువు అక్కయింటనే సాగినది. తన కన్నబిడ్డలు దక్కక పోగా ఆ యక్క అనాథబాలురను చేరదీసి పెంచినది. విజ్ఞానచంద్రికా మండలికి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు ప్రాణమైన లక్ష్మణరావుగారిని దేశమునకు సమకూర్చినది ఈ తల్లీకూతుళ్ల సంసారమే యనుట సాహసము కాదు. కాని రత్నమాల కొలతలతో చూచినచో గంగమ్మగారికి దానిలో చోటు లేదు!

గ్రంథము చేయలేని పనిని గ్రంథకర్త్రి తన చేతులతో చేసినదని మేము సంతోషింతుము. పుస్తకము వెలువడిన మరుసటి యేడు, 1902లో, ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజమును స్థాపించినది. ఆ యేడే వ్రాసిన 'ధనత్రయోదశి' కథయందు పరుల సొమ్మునకు చలించిన భర్త మనస్సును బీదయిల్లాలు మరలించును. అది తెలుగున మొదటి కథ యగునా కాదా యని పండితులు తర్కించుచుందురు. మాకు ఆ తర్కముపై అంత మక్కువ లేదు. ఇంటికి నాయకురాలు ఎవరో ఆ కథ చెప్పినది. అంతవరకు రత్నమాలకన్న అది మన వంటయింటికి దగ్గర.

ఇక తిరుపతమ్మ యైతిహ్యము చూడుడు. అత్త పెట్టిన బాధలు, భర్త గోపయ్యను పులి చంపుట, ఆమె రోగగ్రస్తయై పశువుల కొట్టమున పడియుండుట మన ప్రాంతమున అందరు నెఱిగినవే. సహగమనమును మేము ఏనాడును మెచ్చము. కాని ఆ కొట్టములో అందరు విడిచిన కోడలికి పాపమాంబ యను స్త్రీ సేవ చేసెనని కథ చెప్పును. దేవత పేరుతోపాటు ఆమె పేరును జనులు మరువలేదు. ఈ యొక్క విషయమున అక్షరజ్ఞానము లేని కథకులు మన చరిత్రకారులకంటె వివేకవంతులు.

వ్రాతపుస్తకమునకు ఇది అసాధ్యమందురా? దూబగుంట నెల్లూరు జిల్లాలోని పల్లె. అచ్చట వర్ధినేని రోశమ్మ మొదలగు స్త్రీలు కలిసి సారా దుకాణమును మూయించిరి. ఆ వృత్తాంతము 'ఆడవాళ్లు ఏకమైతే' అను పాఠముగా అక్షరాస్యతా వాచకమున చేరెను. రాత్రిబడులలో దానిని చదివిన తల్లులు తమ యూళ్లలోను ఆ పనికే పూనుకొనిరి. 1992లో చెలరేగిన ఆ యుద్యమముచే 1993లో సారాయు, 1995లో మద్యమంతయు నిషేధింపబడెను. 1997లో ప్రభుత్వము మద్యనిషేధమును సడలించెను. శైలి దృష్ట్యా ఆ పాఠమును రత్నమాల ప్రక్కన పెట్టరాదు. అందు రాణి లేదు, పండితురాలు లేదు. చదివిన తల్లికి పొరుగింటి తలుపు కనబడినది.

రత్నమాలను మరల ముద్రించువారికి మా విన్నపము. పీఠికలో గంగమ్మగారిని గూర్చియు, సుందరీరత్నమాంబగారిని గూర్చియు దొరికినంత వ్రాయుడు. అక్షరములు కొంచెము పెద్దవిగా నుండనిండు, వెల తగ్గింపుడు.